ముందు గాలి చూడండి: రొయ్యల ప్లాంట్లలో అమోనియా

(భద్రతా వారోత్సవాల సందర్భంగా భీమవరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులు, ఆపరేటర్లు, కార్మికుల సమావేశంలో ఒక రిఫ్రిజిరేషన్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

ముందు వరసల్లో యజమానులు, మేనేజర్లు, ఆపరేటర్లు కూర్చున్నారు. కుర్చీలు చాలక వెనకాల గోడవారన పీలింగు, గ్రేడింగు సెక్షన్ల అమ్మలు నిలబడ్డారు. కాస్త ముందుకు రండమ్మా, ఇక్కడ కింద చోటుంది. ఈ మీటింగుకి మిమ్మల్ని కూడా పిలవాలని పట్టుబట్టింది నేనే. అమోనియా గురించి మాట్లాడమని ఎవరు పిలిచినా ఎదురుగా ఆపరేటర్లనే కూర్చోబెడతారు. కంప్రెసర్లుండే ప్లాంటు రూములో ఉండేది ఇద్దరో ముగ్గురో. వాళ్లకి వాల్వులు తెలుసు, గేజీలు తెలుసు, తలుపు పక్కనే కుర్చీ. గోడకి ఇవతల హాల్లో వందల మంది తల దించుకుని రొయ్యలు ఒలుస్తుంటారు. ఫ్రీజర్లని చల్లబరిచే అమోనియా పైపులు వాళ్ల నెత్తిమీది నుంచే పోతాయి. అందులో ఏముందో, అది బయటికొస్తే ఎటు నడవాలో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఆగ్రో పరిశ్రమలో అమోనియా లీకైతే చనిపోయింది ఆ సంస్థ జనరల్ మేనేజరు. అదే ఏడాది ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర ఒక డెయిరీలో లీకైతే ఆసుపత్రి పాలైంది అక్కడ పనిచేసే ఆడవాళ్లు. విశాఖలో మే 7న జరిగిన స్టైరీన్ గ్యాసు లీకు ఘోరం గురించే అందరం మాట్లాడుకుంటున్న రోజులవి. ఈ రెండూ పేపర్లో ఒకరోజు వార్తలై పోయాయి. ప్లాంటు రూములో ఉన్న తెలివిడి పీలింగు హాల్లోకి రావాలి, నేను ఇవాళ చెప్పడానికి వచ్చింది అదేనండి.

అమోనియాని తిట్టడానికి రాలేదు నేను. రొయ్యని మైనస్ 40లో గడ్డకట్టించాలంటే దీనంత చవగ్గా, ఇంత తక్కువ కరెంటుతో చలవ లాగే సరుకు ఇంకోటి దొరకడం కష్టం. ఓజోన్ పొరకి హాని చెయ్యదు. ఐసు ఫ్యాక్టరీల కాలం నుంచి మన దగ్గర ఉంది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉంది, డెయిరీల్లో ఉంది. దీన్ని తీసెయ్యమని అనేవాడు ప్లాంటు నడిపి ఎరగడు. మర్యాదగా చూసుకుంటే చాలు.

దాని స్వభావం కొంచెం చెబుతాను. అమోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మన భీమవరం ఎండలో దాన్ని ద్రవంగా ఉంచాలంటే ప్రెషర్‌లో బిగించి పెట్టాలి. ద్రవ అమోనియా నిలవుండే ట్యాంకు, అదే మీ రిసీవర్, దాని మీద గేజీ చూస్తే 180, 200 పౌండ్లు కనిపిస్తుంది కదా, అదే. ఒక లీటరు ద్రవం బయటపడితే 850 లీటర్లకు పైగా గ్యాసవుతుంది. ఒక బకెట్టుడు కారితే హాలు నిండుతుందన్నమాట.

పుస్తకాల్లో అమోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది అని రాసి ఉంటుంది. వాల్వు కాడ చుట్టూ బిగించే గ్లాండు దగ్గర సన్నగా గ్యాసు లీకైతే నిజమే, కప్పుకి పోతుంది. ద్రవం చిమ్మినప్పుడు కథ వేరు. చల్లటి తుంపరతో, గాలిలో తేమతో కలిసి తెల్లటి పొగమంచులా నేలబారున పాకుతుంది. మన కోస్తా తేమలో మరీను. ఆ తెల్లటి మబ్బు చూసి ఆవిరి అనుకుని అందులోంచి నడిచి వెళ్లినవాళ్లున్నారు.

వాసన సంగతి. పది లక్షల పాళ్ల గాలిలో ఐదు పాళ్లు అమోనియా ఉన్నా చాలామందికి వాసన తెలుస్తుంది. దీన్నే 5 పీపీఎం అంటారు. ఎనిమిది గంటల డ్యూటీకి సగటున 25 దాటకూడదు. 35 ఉంటే పావుగంటకి మించి ఉండకూడదు. 300 అంటే మాస్కు లేని మనిషికి ప్రాణహాని ఉన్నట్టే లెక్క. వేలల్లోకి వెళ్తే నిమిషాల పని. అమోనియా చాలా ముందే కేక పెడుతుంది, ఈ విషయంలో వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ కంటే లక్ష రెట్లు నయం. మరి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, రోజూ కాస్త కాస్త పీల్చే ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. ‘అబ్బే, ఎప్పుడూ ఇంతే కొడుతుందండి’ అని ఆపరేటరు అంటాడు. కొత్తగా వచ్చినవాడు గుమ్మంలోనే కళ్లు నులుముకుంటాడు. వాళ్లిద్దరిలో నేను కొత్తవాడి మాటే నమ్ముతాను. పాత మనిషి ముక్కుని నమ్మకుండా మీటరు పెట్టండి. గోడ మీద డిటెక్టర్ ఉన్న ప్లాంట్లు కూడా దాన్ని ఆఖరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో, అంటే సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచేశారో చూసుకోండి. కొన్నిచోట్ల అలారం ఊరికే మోగుతోందని వైరు పీకేసి ఉంటుంది.

అమోనియాకి తడి అంటే ప్రాణం. ఒక లీటరు నీళ్లు కొన్ని వందల లీటర్ల అమోనియాని లాగేసుకుంటాయి. మనిషిలో తడి ఎక్కడుంటే అక్కడికే పోతుంది. కళ్లు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, చంకలు, మెడ, తొడల మధ్య. తడిలో కలిసి క్షారమవుతుంది. యాసిడ్ పైపైన కాల్చి చాలావరకు ఆగుతుంది, క్షారం ఆగదు. కంటి పొరని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. అందుకే కంటికి అమోనియా తగిలితే లెక్క నిమిషాల్లో కాదు, సెకన్లలో.

ఇప్పుడు పీలింగు హాలు తలుచుకోండి. కాళ్ల కింద నీళ్లు, చేతుల్లో ఐసు, ఒంటి మీద తడిసిన ఏప్రాన్, గ్లవ్స్, గమ్‌బూట్లు. ప్లాంటు మొత్తంలో అందరికంటే తడిగా ఉన్న మనిషి ఎవరు? గ్యాసు అందరికంటే ముందు ఎవరిని పట్టుకోవాలి?

ప్రమాదాలు ఎక్కడ పుడతాయో చెబుతాను. పెద్ద పెద్ద పేలుళ్లు అరుదు. మన ప్లాంట్లలో మనుషులు కాలిపోయేది ఎక్కువగా ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పుడు. ఆపరేటర్లకి ఇది తెలుసు, మిగతావాళ్లకి చెబుతున్నా. కంప్రెసర్‌లో ఆయిల్ ఉంటుంది. ఆయిల్‌ని వేరుచెయ్యడానికి ఎంత మంచి సెపరేటర్ పెట్టినా కొంత అమోనియాతో పాటు ముందుకు పోతుంది. అమోనియాలో ఆ ఆయిల్ కలవదు, పైగా దానికంటే బరువు. అంచేత వెసెళ్ల అడుగున, అంటే అమోనియా ట్యాంకుల అడుగున చేరుతుంది. వారానికో పదిరోజులకో దాన్ని తియ్యాలి. ఆపరేటరు డబ్బా పెట్టి, గొంతుక్కూర్చుని డ్రెయిన్ వాల్వు కాస్త తిప్పుతాడు. చలికి ఆయిల్ ముదురు పాకంలా ఉంటుంది, రాదు. ఇంకాస్త తిప్పుతాడు. రాదు. పైనుంచి సూపర్‌వైజరు ‘ఏమయ్యిందిరా’ అంటాడు. ఇంకో పూర్తి చుట్టు తిప్పుతాడు. అప్పుడు అడ్డం పడ్డ ముద్ద ఊడి, వెనకాల ఉన్న ద్రవ అమోనియా మొహం మీదికి చిమ్ముతుంది. వాల్వు కట్టేద్దామంటే చెయ్యి అక్కడికి పోదు, చిమ్ముతున్నది అక్కణ్ణుంచే కదా. అప్పటికే కళ్లు మూసుకుపోయి ఉంటాయి.

దీనికి మందు ఉంది, పెద్ద ఖర్చేం కాదు. అడుగున ఆయిల్ దిగడానికి ఒక చిన్న పాత్ర, ఆయిల్ పాట్ పెట్టండి. ఆయిల్ అందులోకి దిగాక వెసెల్ వైపు వాల్వు కట్టేసి, పాట్‌లో మిగిలిన అమోనియాని కంప్రెసర్ పీల్చే సక్షన్ లైన్‌లోకి లాగించి, ప్రెషర్ దిగాక అప్పుడు తియ్యండి. బయటి వాల్వు తర్వాత ఇంకోటి, చెయ్యి వదిలేస్తే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వు ఉండాలి. మొహానికి గాగుల్స్, పైన ఫేస్ షీల్డు, మోచేతిదాకా గ్లవ్స్. పక్కన రెండో మనిషి. చేతికందే దూరంలో నీళ్లు పారుతున్న గొట్టం. ఆ స్ప్రింగు హ్యాండిల్‌ని బైండింగు వైరుతో కట్టేసి టీ తాగడానికి వెళ్లిన ఆపరేటర్‌ని నా కళ్లతో చూశాను. వాల్వుకి స్ప్రింగు పెట్టిందే ఆ టీ కోసం అని అతనికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రెండు వాల్వుల మధ్య పైపులో ద్రవం నిండుగా ఉండగా రెండూ కట్టెయ్యకండి. వేడికి ద్రవం ఉబ్బి పైపునో వాల్వునో పగలగొడుతుంది. ఇత్తడి ఫిట్టింగులు, రాగి ట్యూబులు అమోనియా లైన్లో వాడకండి, తినేస్తుంది. సేఫ్టీ వాల్వు పైపు కప్పు మీదికి, మనుషులు తిరగని వైపుకి తియ్యండి. సిలిండర్ నుంచి అమోనియా నింపుతున్నంతసేపు, అదే ఛార్జింగు చేస్తున్నంతసేపు మనిషి కదలకూడదు. నింపడంలో కూడా హద్దు ఉంది. 1992 మార్చిలో సెనెగల్ దేశం డకార్‌లో, వేరుశనగ నూనె మిల్లులో, మోతాదుకు మించి నింపిన అమోనియా ట్యాంకర్ పేలి 129 మంది చనిపోయారు. వేరుశనగ చెక్కలో బూజు విషం పోగొట్టడానికి వాడే అమోనియా అది. ఆ ట్యాంకుకి అంతకుముందే పగుళ్లు వస్తే వెల్డింగు చేసి నడిపారు.

తుప్పు గురించి మాత్రం కాస్త ఆగాలి. మనది ఉప్పుగాలి. లైన్లకి థర్మోకోల్ వేసి పైన అల్యూమినియం రేకు చుడతాం, తళతళలాడుతుంది. ఎక్కడో రేకు అతుకు విడుతుంది. తేమ లోపలికి దూరి, చలికి నీరై, పైపుని చుట్టుకుని ఉండిపోతుంది. ఏళ్ల తరబడి. ఆడిట్‌కి వచ్చినవాళ్లకి రేకు కనిపిస్తుంది, పైపు కనిపించదు. మంచు ఉబ్బెత్తుగా కట్టిన చోట, నీళ్లు బొట్లుబొట్లుగా కారే చోట రేకు విప్పి చూడండి. సీజన్ లేని నెలల్లో చెయ్యండి ఆ పని.

ఇంకొకటి కరెంటు గురించి. 2010 ఆగస్టు 23న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని థియోడోర్ అనే చోట మిల్లార్డ్ కంపెనీ కోల్డ్ స్టోరేజీలో 14 టన్నులకు పైగా అమోనియా బయటికి పోయింది. ముందురోజు కరెంటు ఏడు గంటలకు పైగా లేదు. మళ్లీ మొదలుపెట్టాక అలారం రీసెట్ చెయ్యబోతే వేడి గ్యాసుతో కాయిల్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్ సైకిల్ మధ్యలో తెగిపోయింది. వేడి గ్యాసున్న కాయిల్ ఒక్కసారిగా చలవ లైనుకి కలిసింది. ద్రవం ఆ విసురుకి సమ్మెటలా పైపుని కొట్టింది. కప్పు మీది పైపు విరిగింది. దగ్గర్లోని రేవులో ఓడల దగ్గర పనిచేస్తున్నవాళ్లతో కలిపి 150 మందికి పైగా బాధపడ్డారు. అమెరికా రసాయన భద్రతా బోర్డు ఈ ప్రమాదాన్ని తవ్వి తీసి ఒక మాట చెప్పింది. లీకు ఎక్కడుందో వెతికి ఆ వాల్వు కడదామని ప్లాంటు నడుస్తుండగానే తిరగకండి, ముందు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి మొత్తం ఆపండి అని. పంపులు, కంప్రెసర్లు నడుస్తున్నంతసేపు లీకుకి సరుకు అందిస్తున్నట్టే కదండీ.

కరెంటు పోయి రావడం మనకి కొత్తా? డీజీ, అదే డీజిల్ జనరేటర్, ఎక్కేదాకా నిమిషం, మళ్లీ లైన్‌కి మారేటప్పుడు ఇంకో నిమిషం. లోపల టన్నుల కొద్దీ రొయ్య ఉంది, పైనుంచి ఫోన్లు. ఆ తొందరలోనే చెయ్యి తప్పుతుంది. కరెంటు వచ్చాక ఏ వాల్వు ముందు, ఏది తర్వాత, డీఫ్రాస్ట్‌లో ఉన్న ఫ్రీజర్ సంగతేంటి అన్నది కాగితం మీద రాసి గోడకి అంటించండి. కొత్త ఆపరేటరు రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్నప్పుడు అతనికి గుర్తుకొచ్చేది మీ ట్రైనింగు కాదు, ఎదురుగా ఉన్న ఆ కాగితం.

సరే, లీకయ్యింది. ఇప్పుడేం చెయ్యాలి?

ఎమర్జెన్సీ స్టాప్ బటను, ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్చి రెండూ ప్లాంటు రూము బయట ఉండాలి. లోపల ఉంటే అవి ఉన్నా లేనట్టే. గాలిలో అమోనియా 15, 16 శాతం దాటితే నిప్పురవ్వకి అంటుకుంటుంది కూడా, కాబట్టి గ్యాసు నిండిన గదిలో మామూలు స్విచ్చి వెయ్యకూడదు. బయట నుంచి స్టాప్ కొట్టండి. రిసీవర్ నుంచి ద్రవం వెళ్లే కింగ్ వాల్వుకి రిమోట్ షటాఫ్ ఉంటే అదీ కొట్టండి. సైరన్ వెయ్యండి.

సైరన్ విన్న పీలింగు హాలు వాళ్లు ఎటు పోవాలి? మామూలుగా ఏం చేస్తారంటే, వచ్చిన దారినే పోతారు. అందరూ మెయిన్ గేటు వైపే. ఆ గేటు గాలివాలులో ఉంటే గ్యాసు కూడా అటే వస్తుంది, వెంట తరుముతూ. అందుకే ముందు గాలి చూడండి అంటున్నా. కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్ కట్టండి, నాలుగు వైపుల నుంచీ కనపడేలా. లేకపోతే జెండా గుడ్డ అయినా కట్టండి. మన దగ్గర పొద్దున్న ఉన్న గాలి మధ్యాహ్నానికి ఉండదు, సముద్రం మీది నుంచి తిరుగుతుంది. కాబట్టి ‘అత్యవసర ద్వారం అటు’ అని ఒకే బాణం గీస్తే సరిపోదు. రెండు వైపులా ద్వారాలు, బయటపడ్డవాళ్లు చేరడానికి రెండు అసెంబ్లీ పాయింట్లు ఉండాలి. సైరన్ వేసే మనిషే మైకులో ఉత్తరం గేటా దక్షిణం గేటా చెప్పాలి.

బయట ఆరుబయలులో గ్యాసులో చిక్కుకుంటే? గాలికి ఎదురెళ్తే లీకు దగ్గరికే పోతారు. గాలితో పాటు పరిగెత్తితే గ్యాసు మీతోనే వస్తుంది. గాలి మీ చెవికి తగిలేలా, అడ్డంగా నడవండి. మబ్బు అంచు దాటాక అప్పుడు చుట్టూ తిరిగి గాలి వచ్చే వైపుకి చేరండి. పమిట చెంగో తువ్వాలో తడిపి ముక్కుకి, నోటికి కట్టుకోండి. తడి గుడ్డ అమోనియాని కొంత లాగేసుకుంటుంది. అది బయటపడ్డానికి ఇచ్చే రెండు మూడు నిమిషాల వెసులుబాటు, అంతే. ఆ గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లిపోవచ్చని కాదు.

లోపలికి వెళ్లడం దగ్గరే రెండో ప్రాణం పోతుంది. లోపల తమ్ముడున్నాడనో, తోటివాడున్నాడనో గబుక్కున దూరిపోతారు. మంచి మనసే, కాదనను. ఆకుపచ్చ పట్టీ ఉన్న వడపోత డబ్బా తగిలించే క్యానిస్టర్ మాస్కు అమోనియాని వడగడుతుంది, ఆక్సిజన్ పుట్టించదు. 300 పీపీఎం దాటిన చోటికి అది పనికిరాదు. గడువు తీరితే అసలే పనికిరాదు. తెల్ల మబ్బు కనిపిస్తున్న చోటికి వెళ్లాలంటే వీపున గాలి సిలిండర్ ఉండే ఎస్‌సీబీఏ సెట్టు, ఒంటిని కప్పే సూటు, ఇద్దరు మనుషులు లోపలికి, ఇద్దరు బయట సిద్ధంగా. లేకపోతే ఫైర్ వాళ్లు వచ్చేదాకా ఆగాలి. 101కో 112కో ఫోను చేసినప్పుడు ‘గ్యాస్ లీక్’ అని ఊరుకోకండి. అమోనియా అని చెప్పండి, ఎన్ని టన్నుల సిస్టమో చెప్పండి, గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో, బండి ఏ గేటుకి రావాలో చెప్పండి.

ఆ సెట్లు ఎక్కడ పెడుతున్నారండీ? చాలా ప్లాంట్లలో ప్లాంటు రూము లోపల బీరువాలో ఉంటాయి. బీరువాకి తాళం, తాళం చెవి ఆఫీసులో. రాత్రి ఆఫీసుకి ఇంకో తాళం.

నీళ్ల గురించి ఆపరేటర్లూ ఫైర్ వాళ్లూ కూడా పొరబడే విషయం ఒకటుంది. గాలిలో తేలుతున్న గ్యాసు మీద నీళ్లు తుంపరగా కొడితే మంచిదే, కడిగేస్తుంది. నేల మీద మడుగు కట్టిన ద్రవ అమోనియా మీద నీళ్లు పొయ్యకూడదు. దానికంటే నీళ్లు వెచ్చన కదా, ఆ వేడికి ఇంకా జోరుగా మరిగి గ్యాసు రెట్టింపవుతుంది. మడుగు చుట్టూ మట్టితోనో ఇసకతోనో గట్టు కట్టి, గాలివాలున నీటి తెర పట్టండి. ఆ నీళ్లని డ్రెయిన్‌లోకి వదిలెయ్యకండి. చెరువులో అమోనియా కాస్త పెరిగితే రొయ్య ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కిట్టు పెట్టి చూసుకునే రైతులే సగం మంది ఇక్కడున్నారు. యనమదుర్రు డ్రెయిన్‌లోకి ఒక ట్యాంకు అమోనియా నీళ్లు వదిలితే కింద ఊళ్లవాళ్లు మన ప్లాంటు ముందే కూర్చుంటారు, కూర్చోవాలి కూడా. ఇంకో సంగతి, హాల్లో కాళ్లు, చేతులు, క్రేట్లు కడగడానికి క్లోరిన్ మందు హైపో క్యాన్లు ఉంటాయి. అమోనియా ఒలికిన చోట ఆ హైపో గానీ బ్లీచింగు గానీ పడనివ్వకండి. రెండూ కలిస్తే క్లోరమైన్ అని ఇంకో విషవాయువు పుడుతుంది.

ప్రథమ చికిత్స. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, పారే నీళ్లతో, తక్కువలో తక్కువ 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలంటే ఎంతసేపో గడియారం పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. మంటకి మనిషి రెప్ప తెరవనివ్వడు, పెనుగులాడతాడు, ఇద్దరు పట్టుకోవాలి. ఆసుపత్రికి తీసుకెళ్తూ కూడా సీసాతో పోస్తూనే ఉండాలి. నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినూనె ఏవీ వద్దు. ఉత్త నీళ్లు. చర్మానికి గుడ్డ అంటుకుని గడ్డకట్టి ఉంటే లాగకండి, చర్మం వచ్చేస్తుంది. నీళ్లు పోసి వదులయ్యాక తియ్యండి. పీల్చినవాడు కాసేపటికి తేరుకుని ‘నాకేం కాలేదు, ఇంటికి పోతా’ అంటాడు, పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. కాస్త వెనక్కి ఆనించి కూర్చోబెట్టి 108లో పంపాలి, డాక్టరు చూసేదాకా నడిపించకూడదు.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి, ఎవరూ మాట్లాడరు కాబట్టి. తడి బట్టలు అమోనియాని పీల్చుకుని ఒంటికి అంటిపెట్టుకుని ఉంటాయి. తీసెయ్యాలి, వెంటనే. గేటు బయట పదిమంది మగాళ్లు, సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్లు ఉండగా ఏ ఆడమనిషి బట్టలు విప్పుతుంది? ఓర్చుకుంటుంది. ఆ ఓర్చుకున్న పావుగంటలో మెడ కింద, చంకల్లో, తొడల దగ్గర కాలిపోతుంది. ఆసుపత్రికి వెళ్లాక నర్సు చూసి చెబితే గానీ తెలియదు. ఇది ఆమె సిగ్గు వల్ల జరిగింది కాదు, మన ఏర్పాటు లేకపోవడం వల్ల జరిగింది. రెండు అసెంబ్లీ పాయింట్ల దగ్గరా తెర కట్టిన షవరు, ఒక పెట్టె నిండా పొడి నైటీలు, దుప్పట్లు పెట్టండి. ఒక్క ఎగుమతి కంటైనర్ ఖరీదులో అదెంత?

చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి చెప్పాల్సింది వేరు. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం మైనాట్ ఊరి శివార్లలో గూడ్సు రైలు పట్టాలు తప్పి ఐదు అమోనియా ట్యాంకులు బద్దలయ్యాయి. కిటికీలు మూసుకుని ఇళ్లలోనే ఉండండి, బాత్రూములోకి వెళ్లి షవరు వదలండి, తడిగుడ్డలోంచి ఊపిరి పీల్చండి అని ఊరివాళ్లకి చెప్పారు. అంత పెద్ద లీకులో చనిపోయింది ఒక్కడు, ఇంట్లోంచి బయటపడి పారిపోబోయినవాడు. అంతకుముందు 1976లో హ్యూస్టన్‌లో అమోనియా ట్యాంకర్ ఫ్లైఓవర్ మీంచి పడ్డప్పుడు కూడా అంతే. దగ్గర్లో భవనాల లోపల ఉండిపోయినవాళ్లు తేలిగ్గా బయటపడ్డారు, బయటికి పరిగెత్తినవాళ్లు దెబ్బతిన్నారు. మన ఇళ్లు అంత బిగుతుగా ఉండవు, రేకుల ఇళ్లూ తాటాకు పాకలూ ఉన్నాయి, నాకు తెలుసు. అలాంటి ఇళ్లు ప్లాంటు గోడకి ఆనుకుని ఉంటే వాళ్లని దగ్గర్లో ఏ పక్కా భవనంలోకి చేర్చాలో పంచాయతీతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ రాత్రి మాట్లాడితే కుదరదు.

ఇక యజమానులతో రెండు మాటలు. చట్టం లెక్కలో పెద్ద ప్రమాదకర పరిశ్రమ కావాలంటే అమోనియా పదుల టన్నుల్లో ఉండాలి. మన ప్లాంట్లలో చాలావాటికి అంత ఉండదు. అందుకని ఊరి కోసం ఎమర్జెన్సీ ప్లాను రాయమని ఎవరూ మిమ్మల్ని గట్టిగా అడగరు. విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిటర్ వస్తే చేతులు ముంచే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో కొలుస్తాడు, తలకి నెట్ ఉందో లేదో చూస్తాడు, గోళ్లు చూస్తాడు. రొయ్య తినే మనిషి కోసం అన్నీ చూస్తాడు. రొయ్య ఒలిచే మనిషి బయటికి వెళ్లే తలుపు తెరుచుకుంటుందో లేదో చూసినవాణ్ణి నేను చాలా తక్కువగా చూశాను.

ఆ తలుపు దగ్గరే నా గొడవంతా. రొయ్య దొంగతనం పోతుందని వెనక తలుపుకి తాళం. ఈగలు వస్తాయని పక్క తలుపుకి సీలు. షిఫ్టు మధ్యలో వెళ్లిపోతారని గ్రిల్లు. మూడింటికీ కారణాలున్నాయి, కాదనడం లేదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే, బయట నుంచి తెరుచుకోని పానిక్ బార్ తలుపు బజార్లో దొరుకుతుంది. తెరిస్తే అలారం మోగేలా పెట్టుకోండి, దొంగతనమూ ఆగుతుంది. కోల్డ్ రూములకి లోపలి నుంచి తీసే హ్యాండిల్ పనిచేస్తోందో లేదో ఇవాళ రాత్రే చూడండి. లోపల ఎందరున్నారో చెప్పే కాగితం గేటు దగ్గర ఉండాలి. కాంట్రాక్టరు పంపిన మనుషుల పేర్లు కాంట్రాక్టరు జేబులో ఉంటే, రేపు బయట నిలబడి ఎవరు తక్కువయ్యారో ఎలా లెక్కపెడతారు? ఒడిశా నుంచి, అస్సాం నుంచి వచ్చిన పిల్లలు మన దగ్గర చేస్తున్నారు. మైకులో ‘ఉత్తరం గేటు’ అని తెలుగులో అరిస్తే వాళ్లకేం తెలుస్తుంది? గేట్లకి రంగులు వెయ్యండి, ఎర్ర గేటు, పచ్చ గేటు. వాళ్ల భాషలో కూడా రికార్డు చేసి పెట్టుకోండి.

మాక్ డ్రిల్లు కూడా పగలు పదకొండింటికి, ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు, ఫొటోల కోసం చేస్తున్నారు. ఒక్కసారి రాత్రి షిఫ్టులో, కరెంటు తీసేసి చెయ్యండి. ఎంతమందికి దారి తెలుసో అప్పుడు తేలుతుంది. డ్రిల్లుకి పోయిన అరగంటకి పీలింగు వాళ్ల కూలీ కొయ్యకండి. కిలోకింత అని ఇచ్చేచోట ఆ అరగంట వాళ్ల నష్టమే అయితే రెండోసారి సైరన్ మోగినా ఎవరూ కత్తి కింద పెట్టరు.

ఆపరేటర్ల కోసం చిన్న సంగతి ఒకటి మిగిలిపోయింది. లీకు వెతకడానికి తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం గ్లాండు దగ్గర పెడితే నీలంగా మారుతుంది. గంధకం పుల్ల వెలిగించి తిప్పితే తెల్ల పొగ వస్తుంది. మొదటిది వాడండి. కంప్రెసర్ రూములో నిప్పు వెలిగించే పద్ధతిని మానేసే రోజులొచ్చాయి.

ప్రశ్నలుంటే తర్వాత అడుగుదురు గాని, ముందు బయటికి పదండి. పందిరి కింద రెండు ఎస్‌సీబీఏ సెట్లు, పది క్యానిస్టర్ మాస్కులు, ఒక ఐ వాష్ సీసా పెట్టించాను. మేనేజరు గారూ, మీరు కాసేపు ఆగండి, ముందు ఈ అమ్మలు వేసుకుని చూస్తారు. మాస్కు పట్టీ బిగించి, అరచేత్తో క్యానిస్టర్ నోరు మూసి ఊపిరి లాగండి. మాస్కు మొహానికి అతుక్కుంటే సరిగ్గా వేసుకున్నట్టు, పక్కనుంచి గాలి వస్తే వదులుగా ఉన్నట్టు. జుట్టు, చెవిపోగులు పట్టీ కింద ఇరుక్కోకుండా చూసుకోండి. బాబూ, గడ్డం ఉన్న కుర్రాళ్లు కూడా రండి, ఆ గడ్డంతో మాస్కు ఎందుకు పట్టదో మీకే తెలుస్తుంది.